తెరకేసి చూడని మనిషి

మొన్న మా నాన్న ఫోన్ చేసి, "ఒరేయ్, మీ గేటు బాబాయి పోయాడ్రా" అన్నాడు. గుసగుసగా అన్నాడు. తిరువూరులో మా విత్తనాల కొట్లో కూర్చుని మాట్లాడితే నాలుగు కొట్ల అవతలికి వినిపించే గొంతు మా నాన్నది. ఆ గొంతు తగ్గేది ఒక్క గేటు బాబాయి దగ్గరే. ఆయన పోయిన కబురు కూడా ఆ తగ్గిన గొంతుతోనే చెప్పాడు.

అది బాబాయి అంటించిన అలవాటు. చుట్టరికం ఏమీ లేదు, ఊళ్లో మా ఈడు వాళ్లందరికీ ఆయన బాబాయే. ముప్ఫై ఏళ్లు సినిమా హాల్లో గేటు దగ్గర పనిచేశాడు. టికెట్టు చింపడం, టార్చిలైటు వేసి చీకట్లో జనాన్ని సీటు దాకా నడిపించడం ఆయన పని. సినిమా ఆడుతుంటే గట్టిగా మాట్లాడకూడదు కాబట్టి పట్టుబడిన గుసగుస, హాలు మూతపడ్డాక కూడా ఆయన్ని వదల్లేదు. బస్టాండులో అదే గొంతు, కూరగాయల బేరంలోనూ అదే గొంతు. ఎదుటివాళ్లకు అది ఇట్టే అంటుకునేది. ఆయనా మా నాన్నా తలలు దగ్గర పెట్టుకుని పత్తి విత్తనాల గురించి మాట్లాడుకుంటుంటే, గంపలగూడెం నుంచి వచ్చిన రైతు ఏదో రహస్యం నడుస్తోందనుకుని గుమ్మంలోనే ఆగిపోయేవాడు.

అప్పుడు బాబాయి కుడిచేతి రెండు వేళ్లు కిందికి చూపించేవాడు. సరిగ్గా ఆ రైతు పాదాలకు ఒక అడుగు ముందు, నేల మీదికి. వేళ్లు నెమ్మదిగా బల్ల వైపు జరిగేవి. చేతిలో టార్చి లేదు, బయట ఎండ మండిపోతోంది. అయినా ఆ మనిషి ఆ వేళ్ల వెంబడే నడిచొచ్చి బల్ల మీద కూర్చునేవాడు. ఎందుకలా కిందికే చూపిస్తావని అడిగితే, "మొహం మీద లైటేసేది పోలీసోళ్లు బాబూ. మనం కాళ్ల ముందెయ్యాలి" అన్నాడు.

ఆయనతో వచ్చిన చిక్కల్లా సినిమా కథలు. చిన్నప్పుడు నేను ఆయన నోట విన్నన్ని సినిమా కథలు ఇంకెవరి దగ్గరా వినలేదు. ఒక్కదానికీ ముగింపు లేదు. కథ మంచి పట్టులో పడగానే, "అప్పుడు నేను బయటికొచ్చేశా" అనేవాడు. పది నిమిషాలు దాటాక ఆలస్యంగా వచ్చే జనం ఉండరు. ఆయన సైకిల్ స్టాండు చూసుకోవాలి, ఇంటర్వెల్ కోసం సోడాలు సర్దించాలి, ఆఖర్న తలుపుల గడియలు తియ్యాలి. పోనీ ఆ పది నిమిషాలైనా సినిమా చూశాడా అంటే అదీ లేదు. ఆ హాల్లో గేటు తెర పక్కనే ఉండేది. ఆయన తెరకు వీపు పెట్టి, జనం వైపు తిరిగి నిలబడాలి. ఖాళీ సీట్లు ఎక్కడున్నాయో కనిపించేది అట్లాగే. అందుకని ఆయన కథలు ఇలా ఉండేవి:

"ఏదో దబ్బున పడింది. ముందు వరస ఆడాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఎవడో పోయాడన్నమాట. తర్వాత వయొలిన్ వాయించారు. ఒకాయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. పోయింది మంచోడే."

మా నాన్నకు ఒళ్లు మండేది. "ముప్ఫై ఏళ్లు హాల్లో ఉండి ఒక్క సినిమా పూర్తిగా చూడలేదా నువ్వు?"

"చూస్తే తలుపులెవరు తీస్తారు షావుకారు గారూ?"

"మరి ఆఖరికి ఏమైందో తెలుసుకోవాలనిపించదా?"

బాబాయి ఆలోచించి చెప్పేవాడు. "అనిపించలేదండి. బయటికొచ్చేటప్పుడు జనం మొహాలు చూసేవాణ్ణిగా, చాలు." 

నేను డిగ్రీ ఆఖరి సంవత్సరంలోకి వచ్చేసరికి ఆ సినిమా హాలు ఫంక్షన్ హాలు అయిపోయింది. వాలుగా ఉన్న నేలను చదును చేసి బండలు పరిచారు. బాబాయి అక్కడే వాచ్‌మన్‌గా కుదిరాడు. పీకేసిన కుర్చీల్లో ఒకటి, వెనకాల నంబరు బిళ్లతో సహా దాచుకుని, గేటు దగ్గర వేసుకుని కూర్చునేవాడు.

సరిగ్గా ఆ ఏడే మా ఇంగ్లీషు సార్ మాకో ప్రాజెక్టు ఇచ్చారు. ఒక థ్రిల్లర్ సినిమా తీస్తున్నట్టు ఊహించుకుని, దాని మొదటి రెండు నిమిషాలు మాత్రం తియ్యాలి. తీసి జనానికి చూపించి, వాళ్లేమన్నారో ఒక నివేదిక రాయాలి. సినిమాకు సగం మార్కులు, నివేదికకు సగం. "తీయడం ఎవడైనా తీస్తాడు. తీసింది ఎలా ఉందో ఒప్పుకోవడమే కష్టం" అని సార్ ఆ రోజే చెప్పారు. మేము నవ్వాం.

నాకు మాత్రం మార్కుల కంటే పెద్ద సంగతి ఒకటి ఉంది. డిగ్రీ అవగానే కొట్లో కూర్చోమని మా నాన్న. బెజవాడ వెళ్లి ఎడిటింగ్ నేర్చుకుంటానని నేను. అది నిజంగా నాకు వచ్చే పనో, ఫోనులో నాలుగు వీడియోలు అతికించి పడుతున్న మురిపెమో నాకే తెలియదు. ఈ రెండు నిమిషాలు చూసి, నా స్నేహితుడు కానివాడు ఒక్కడు, "తర్వాత ఏమైంది?" అని అడిగితే బెజవాడ వెళ్లాలని, అడక్కపోతే నోరు మూసుకుని కొట్లో కూర్చోవాలని నాలో నేను ఒట్టు పెట్టుకున్నాను.

కెమెరా నా క్లాస్‌మేట్ రాజేష్‌ది. గంపలగూడెంలో వాళ్ల మేనమామకు పత్తి గోడౌన్ ఉంది. నటుడు ఆ గోడౌన్ గుమాస్తా. కథ నాది. ఒక మనిషి పత్తి గోడౌన్లో ఒంటరిగా ఉంటాడు, అక్కడ హత్య జరుగుతుంది. ఇంతే తెలుసు. తెలిసింది తక్కువ కాబట్టి చూపించింది ఎక్కువ. పెళ్లిళ్ల వీడియోగ్రాఫర్‌ని బతిమాలి డ్రోన్ తెచ్చి వినగడప వైపు పత్తి చేలన్నీ తీశాం. మనిషిలోని చీకటి గురించి నేనే బొంగురు గొంతు పెట్టి ఏదో చదివాను. కత్తి, కత్తి మీద రక్తం, రక్తం మీద మా పేర్లు. రక్తం మా అమ్మ వంటింట్లోని బీట్‌రూట్‌ది. మధ్యలో ఎక్కడో పత్తి కుప్పలోంచి ఒక ఫోను మోగుతుంది, అది ఎందుకు పెట్టామో మాకే గుర్తు లేదు. మొదటి రోజు షూటింగ్ చూసుకున్న గుమాస్తా గారు తన జుట్టు తెల్లగా పడుతోందని బాధపడి, రెండో రోజుకు నల్లరంగు వేసుకొచ్చారు. దాంతో మా హీరో తలుపు తీసేటప్పుడు యాభై ఏళ్లవాడు, వేసేటప్పుడు ముప్ఫై ఏళ్లవాడు.

క్లాసులో అందరికీ చూపించాం. అందరూ సూపర్ అన్నారు, కేక అన్నారు. అవన్నీ పేర్లతో సహా రాసి నివేదిక ఇచ్చాను. సార్ రెండు పేజీలు తిప్పి వెనక్కి ఇచ్చేశారు.

"ఇవి అభిప్రాయాలు కావు నాయనా, పుట్టినరోజు శుభాకాంక్షలు. నిన్ను ఎరగని జనానికి చూపించి రాయి."

నన్ను ఎరగని జనం తిరువూరులో ఎక్కడ దొరుకుతారో తోచక గేటు బాబాయి దగ్గరికి వెళ్లాను. ఆయన విని, కుర్చీలో వెనక్కి వాలి, "పెళ్లి వంటోళ్లు" అన్నాడు. సాయంత్రం పెళ్లికి పొద్దున్నే దిగిన వంటవాళ్లూ, పూలు కట్టేవాళ్లూ, టెంట్ హౌస్ వాళ్లూ మధ్యాహ్నం పూట హాల్లో నడుం వాలుస్తారట. పెళ్లి వీడియో కోసం కట్టిన తెర ఎలాగూ ఉంటుంది. కిటికీలు లేని హాలు కాబట్టి లైట్లు ఆపితే మ్యాట్నీ చీకటే.

"చూశాక వాళ్లను ఏమేం అడగాలి బాబాయ్?" అన్నాను, నా ప్రశ్నల కాయితం చూపించి.

"ఏమీ అడగొద్దు. అడిగితే మర్యాదకు బాగుందంటారు. ముగ్గుర్ని బయట ఆపి ఒక్కొక్కణ్ణే ఆలస్యంగా లోపలికి పంపుతా. చూడు."

ఇది ఆయన పద్ధతి. ముప్ఫై ఏళ్లలో తనంతట తాను కనిపెట్టుకున్నది. ఆలస్యంగా వచ్చినవాడు తెరకు అడ్డంగా నడుస్తాడు. కూర్చున్న జనం వాణ్ణి ఏం చేస్తారన్నదే సినిమాకు పరీక్ష. పలకరించి చోటిస్తే సినిమా పోయినట్టే. వాణ్ణి తప్పించుకుని పక్కకు వంగి తెరను చూస్తే పరవాలేదు. కూర్చోమని కసిరితే ఆడుతుంది.

ఆట మొదలైంది. బాబాయి పాత టార్చి పట్టుకుని తెర పక్క తలుపు దగ్గర, తెరకు వీపు పెట్టి నిలబడ్డాడు. డ్రోన్ చేల మీద తిరుగుతుండగా మొదటివాణ్ణి పంపాడు. 

"రా, ఇట్టా కూర్చో. పప్పు దించావా?" అన్నారు జనం.

"ఇంకో పొంగు రావాలి" అని వాడు తీరిగ్గా కూర్చున్నాడు.

నా బొంగురు గొంతు మనిషిలోని చీకటి గురించి చెబుతుండగా రెండోవాడు వచ్చి, అల్లం ఎక్కడ పెట్టారని అడిగాడు. ముగ్గురు ఒకేసారి జవాబు చెప్పారు. మూడోవాణ్ణి పంపేలోపల పంపనివాడొకడు వచ్చాడు. పెళ్లికొడుకు మేనమామ. ఏర్పాట్లు చూసుకుందామని లోపలికొచ్చి, తెర నిండా రక్తం చూసి అక్కడే నిలబడిపోయాడు.

"ఏంటండీ ఇది? శుభమా అని పెళ్లి పెట్టుకుంటే తెర మీద ఆ నెత్తురేంటి?"

"బీట్‌రూటండి" అన్నాడు బాబాయి గుసగుసగా.

ఆయన కూడా గొంతు తగ్గించి, "అయితే మాత్రం" అన్నాడు. అంతటితో ఆట ఆపేశాం.

బయటికొచ్చి బాబాయి కుర్చీ పక్కన నిలబడ్డాను. ఏడుపు ఒక్కటే తక్కువ. ఆయన టార్చి తుడుచుకుంటూ, "మీ సినిమా ఎవర్నీ ఏమీ ఇబ్బంది పెట్టలా బాబూ" అన్నాడు. ఇన్నేళ్లలో నా పని గురించి అంతకంటే మెత్తని తిట్టు నేను వినలేదు.

"మరేం చెయ్యమంటావ్?"

"నాకేం తెలుసు, నేను చూళ్లేదుగా." టార్చి పక్కన పెట్టి అన్నాడు. "ఒక్క చోట మాత్రం జనం ఆగారు. మధ్యలో ఫోనేదో మోగింది చూడు, అప్పుడు ఆ పూలు కట్టే ఆయన చెయ్యి తన జేబు మీదికి పోయింది. తనది కాదని తెలిశాక కూడా చెయ్యి తియ్యలా."

ఇంటికి నడిచి వెళ్తున్నంతసేపూ ఆ చెయ్యే కళ్ల ముందు ఉంది. ఆ పూట డ్రోన్ తీసేశాను. కత్తి, రక్తం, నా బొంగురు గొంతు అన్నీ తీసేశాను. ఫోను మోగడం ఒక్కటే మిగిలింది. దాన్ని పట్టుకుని రాజేష్‌తో మళ్లీ గోడౌన్‌కు వెళ్లాను. గుమాస్తా గారి జుట్టు ఈసారి మొదటి నుంచి చివరి దాకా నల్లగా ఉంది.

కొత్త సినిమా ఇది. తెర నిండా తెల్లటి పత్తి. గుమాస్తా లెక్క రాసుకుంటూ జేబులోంచి ఫోను తీసి టైము చూసుకుని, మళ్లీ జేబులో పెట్టుకుంటాడు. కుప్ప లోపలెక్కడో ఒక ఫోను మోగుతుంది. మోచేతుల దాకా పత్తిలో దూర్చి వెతికి, బయటికి తీస్తాడు. అది ఎవరిదో పాత ఫోను. ఫోన్ చేస్తున్నది ఎవరా అని చూస్తే, కనిపించేది తన నంబరే. చెయ్యి మెల్లగా తన చొక్కా జేబు మీదికి వెళ్తుంది. జేబు ఖాళీ. బయట గోడౌన్ తలుపు గడియ పడుతుంది. అయిపోయింది.

ఇంకో పెళ్లి, ఇంకో వంట బృందం. సార్ సాక్ష్యం కావాలన్నారు కాబట్టి నేను హాలు వెనక నిలబడి అంతా ఫోనులో వీడియో తీస్తున్నాను. బాబాయి తన చోట తాను నిలబడ్డాడు. మొదటివాడు లోపలికి రాగానే నాలుగు తలలు పక్కకు వంగాయి. రెండోవాణ్ణి, "కూర్చోవయ్యా ముందు" అని ఒక పెద్దావిడ కసిరింది. ఆవిడ నాకు ఎవరో తెలియదు, ఇప్పటికీ ఆవిడకు మనసులో దండం పెట్టుకుంటాను. మూడోవాడు వచ్చాడు. నేను తలలే చూస్తున్నాను. తెర వైపు, తలుపు వైపు చూసే ధ్యాస లేదు.

లైట్లు వేశాక బాబాయి కుర్చీ దగ్గరికి పోలేదు. తలుపు దగ్గరే నిలబడి, నేను దగ్గరికి వచ్చేదాకా ఆగి అడిగాడు. 

"జేబులో ఫోను ఎవరు తీశారు?"

"అది తర్వాత తెలుస్తుంది బాబాయ్."

"తర్వాత ఏమైంది మరి?"

ముప్ఫై ఏళ్లు ఏ సినిమాకూ అడగని మనిషి. ఆ మాట వినగానే నాకు ఒళ్లు తెలియలేదు. సార్ నా కొత్త నివేదిక చదివి, సినిమా సంగతి పక్కన పెట్టి, ఆలస్యంగా వచ్చేవాళ్ల పద్ధతి గురించి గంటసేపు అడిగారు. మార్కులు బాగానే వేశారు. నేను మా నాన్నతో వాదించి బెజవాడ వెళ్లాను. వాదనలో నాకున్న బలమంతా బాబాయి అడిగిన ఆ ఒక్క ప్రశ్నే.

అయితే ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ప్రాజెక్టు రెండు నిమిషాలకే కదా, మూడో నిమిషంలో ఏం జరుగుతుందో నేను ఆలోచించనే లేదు. ఆయన మాత్రం వదల్లేదు. నేను ఊరొచ్చినప్పుడల్లా గేటు దగ్గర ఆపి, "ఎవరు తీశారు?" అనేవాడు. గుమాస్తాకు కవల తమ్ముడున్నాడని ఒకసారి చెప్పాను. ఆయన రెండు వేళ్లతో నేల చూపించి, వేళ్లు అడ్డంగా ఊపి, "అటు సీటు లేదు బాబూ" అన్నాడు. అదంతా కలని ఇంకోసారి చెబితే, "అటసలు దారే లేదు" అన్నాడు. దెయ్యం అన్నప్పుడు మాత్రం టీ తాగి వెళ్లమన్నాడు. ఆ తర్వాత నేను ఏడాదికి రెండుసార్లు వచ్చే మనిషినయ్యాను. కిందటిసారి వచ్చినప్పుడు ఆయన కుర్చీ ఖాళీగా ఉంది. ఒంట్లో బాగాలేక పెనుగొలనులో ఇంటి దగ్గరే ఉంటున్నాడన్నారు. వెళ్దామనుకుని వెళ్లలేదు.

పెద్దకర్మకు నాన్నా నేనూ పెనుగొలను వెళ్లాం. జనం భోజనాల దగ్గర ఉండగా, ఆయన భార్య నన్ను గుర్తుపట్టి పక్కకు పిలిచింది. 

"పత్తి గోడౌన్ సినిమా బాబువి నువ్వేగా? చివరిదాకా అదే అడిగారయ్యా, ఆ ఫోను సంగతి."

నాకు మొహం చెల్లలేదు. "నా దగ్గర ముగింపు లేదు పిన్నీ. ఎప్పుడూ లేదు. ఆయనకు అబద్ధాలు చెప్పాను."

"తెలుసు" అంది ఆవిడ. "ఆయనకూ తెలుసు. 'ఆ పిల్లోడి దగ్గర ముగింపు లేదే, అడుగుతా ఉంటేనన్నా కూర్చుని ఆలోచిస్తాడని అడుగుతున్నా' అనేవారు. నీకు ఎక్కడ మనసు చిన్నబోతుందోనని చెప్పేవారు కాదు."

నేను తలూపి వచ్చేశాను. తిరిగి వస్తుంటే నాన్న ఏదో మాట్లాడుతున్నాడు, నాకు వినిపించడం లేదు. నా బతుకులో మొహమాటం లేని తీర్పు ఒక్కటే వచ్చిందనుకున్నాను. దాని మీద నిలబడి బెజవాడ వెళ్లాను, ఎడిటర్ని అయ్యాను. అదీ కుర్రాడి మనసు చిన్నబుచ్చకూడదని అడిగిన ప్రశ్నేనా? ఆయన మంచితనానికి మొక్కాల్సింది పోయి, చచ్చిపోయిన మనిషి మీద నాకు కోపం వచ్చింది. ఇంత చదువుకుని ఇంకా క్లాసువాళ్ల శుభాకాంక్షల దగ్గరే ఉన్నానా అనిపించింది.

ఇంటికెళ్లి పాత హార్డ్‌డిస్క్ వెతికి ఆ వీడియో తీశాను. రెండో ఆట రోజు హాలు వెనక నుంచి నేను తీసింది. సార్‌కు ఇచ్చాక మళ్లీ ఎప్పుడూ చూడలేదు. చూడాల్సిన తలలన్నీ ఆ రోజే లెక్కపెట్టుకున్నాను కదా.

ఈసారి తలలు చూడలేదు, ఆయన్నే చూశాను. తెర పక్కన నల్లగా నిలబడ్డాడు, తెరకు వీపు పెట్టి. మొదటివాడి కాళ్ల ముందు టార్చి వెలుగు గుండ్రంగా, బుద్ధిగా పాకుతూ వెళ్లింది. రెండోవాడి ముందూ అంతే. తెర మీద గుమాస్తా మోచేతుల దాకా పత్తిలో దూర్చాడు. మూడోవాడు, టెంట్ హౌస్ ఎలక్ట్రీషియన్, లోపలికొచ్చాడు. వెలుగు వాడి ముందు రెండడుగులు వెళ్లి ఆగింది. తర్వాత మెల్లగా నేలను వదిలేసి, గోడెక్కి, తెర మీదికి పోయింది. తెల్లటి పత్తి కుప్ప మీద తెల్లటి గుండ్రం. సార్‌కు ఇచ్చేటప్పుడు చూసి, అది ప్రొజెక్టర్ మరక అనుకున్నాను.

బాబాయి తెర వైపు తిరిగి ఉన్నాడు. టార్చి పట్టుకున్న చెయ్యి కూడా ఆయనతోపాటే తిరిగింది. గుమాస్తా చొక్కా జేబు తడుముకుంటున్నాడు. బాబాయి రెండో చెయ్యి కూడా తన జేబు మీదే ఉంది. చీకట్లో ఎటు వెళ్లాలో తెలియక నడవ మధ్యలో నిలబడిపోయిన ఎలక్ట్రీషియన్, "బాబాయ్, లైటు" అంటున్నాడు. ఒకసారి అన్నాడు. మళ్లీ అన్నాడు.

బాబాయి వినిపించుకోలేదు.